వాట్సాప్ పురుగులు: అపోహలు - వాస్తవాలు

పత్తి పూతకొచ్చే రోజుల్లో ఏటా నా ఫోన్‌కి ఒకే ఫోటో వస్తుంది. ఆకుపచ్చ ఒళ్లు, ఒంటి నిండా ముళ్లు. కింద మెసేజ్: "ఈ పురుగు కుడితే ఐదు నిమిషాల్లో మనిషి చచ్చిపోతాడు. పాము కంటే విషం. రైతులందరికీ పంపండి." పంపేది కనిగిరి వైపు రైతో, దర్శిలో పురుగుమందుల షాపు కుర్రాడో అయి ఉంటాడు. అడిగేది మాత్రం మారదు: "ఇది నిజమేనా సార్? ఏం మందు కొట్టమంటారు?"

ఆ రెండో ప్రశ్న కోసమే ఇది రాస్తున్నా. పంటల మీద పురుగుల్ని చూసి రైతులకు సలహా చెప్పడం నా పని. పుకారు ఫోన్లోనే ఆగిపోతే నాకేం ఇబ్బంది లేదు. అది మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్ భుజానికెత్తుకుని చేలోకి దిగినప్పుడే చిక్కు.

ఐదు నిమిషాల పురుగు

ఆ ఫోటోలోది స్లగ్ క్యాటర్‌పిల్లర్ అనే గొంగళి జాతి. కొబ్బరి, మామిడి లాంటి చెట్ల మీద కనిపిస్తుంది, పత్తి మీద అరుదు. ముళ్లలో విషం ఉన్న మాట నిజమే. ముట్టుకుంటే నిప్పు తగిలినట్టు మంట పుడుతుంది, దద్దు లేస్తుంది, కొన్ని గంటల్లో తగ్గుతుంది. మునగచెట్టు గొంగళి పురుగులు మీద పడిన వాళ్లకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. ఐదు నిమిషాల లెక్క ఎవరు గడియారం పట్టుకుని చూశారో నాకైతే తెలియదు.

2022లో ఈ మెసేజ్‌కి పొలంలో పడి ఉన్న మృతదేహాల ఫోటోలు కూడా జతచేశారు. వాళ్లు మహారాష్ట్రలో పిడుగుపాటుకు చనిపోయిన రైతులు. పిడుగు చేసిన పనిని పురుగు నెత్తిన రుద్దారు.

ముళ్లు గుచ్చుకుంటే గోకొద్దు, రుద్దొద్దు. ప్లాస్టర్ టేపు అంటించి లాగితే చాలా ముళ్లు వచ్చేస్తాయి. తర్వాత సబ్బుతో కడిగి చన్నీటి గుడ్డ వేయండి. కంట్లో పడితే, ఆయాసం వస్తే ఆస్పత్రికి వెళ్లండి.

వీపు మీద బొబ్బల పురుగు

వీపంతా గుడ్లు అతుక్కున్న ఒక పురుగు ఫోటో, పక్కన తూట్లు పడ్డ మనిషి చెయ్యి. "దీన్ని చేత్తో చంపకండి, వైరస్ నిమిషాల్లో ఒళ్లంతా పాకుతుంది, మొదట ఇండియాలోనే కనిపించింది" అని ఉంటుంది. ఆ తూట్లు తామరకాయవి, కంప్యూటర్‌లో తెచ్చి చేతికి అతికించారు. పురుగేమో పెద్ద నీటిపురుగుల కుటుంబంలోది. ఆడపురుగు గుడ్లు తెచ్చి మగదాని వీపు మీద పెడుతుంది, పిల్లలయ్యేదాకా మోసేది తండ్రే. అంత బాధ్యత గల తండ్రిని విలన్‌ని చేశారు, పాపం!

చెరువుల దగ్గర లైట్లకి ఇవి వస్తుంటాయి. పట్టుకుంటే గట్టిగానే కుడతాయి, నొప్పి ఉంటుంది, వైరస్ ఉండదు. వీటితో అసలు నష్టం చేపపిల్లల నర్సరీ చెరువులకే, పిల్లల్ని పట్టి రసం పీల్చేస్తాయి. చేపలు పెంచేవాళ్లు పిల్లల్ని వదలకముందే నీళ్లపైన సబ్బు, నూనె కలిపిన ద్రావణం చల్లేది ఇలాంటి వాటి కోసమే.

"ఆఫ్రికా నుంచి వచ్చిన యాసిడ్ పురుగు"

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ మెసేజే, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. 2022లో సిక్కిం, సిలిగురి వైపు చాలామందికి చర్మం మీద బొబ్బలు వచ్చాయి. నైరోబీ ఫ్లై అని టీవీలో చూపించారు. అప్పటి నుంచి "ఆఫ్రికా ఈగ వచ్చేసింది, కుట్టి మాంసం తినేస్తుంది" అని తిరుగుతోంది.

ఇది ఈగ కాదు. పెంకుపురుగుల్లో ఒక జాతి, సెంటీమీటరు లోపు ఉంటుంది. నారింజ, నలుపు పట్టీలతో చీమలా కనిపిస్తుంది, తోక చివర పైకెత్తుతుంది. ఈ జాతివి మన వరి మళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి, ఆఫ్రికా నుంచి రావలసిన పనేం లేదు. కుట్టదు, కరవదు. ఒంటి మీద నలిపేస్తేనే దాని రక్తంలోని పెడెరిన్ అనే విషం చర్మానికి తగులుతుంది. ఆ విషం కూడా పురుగు సొంతం కాదు, దాని లోపల కాపురముండే బ్యాక్టీరియా తయారుచేస్తుంది.

నలిపిన వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల తర్వాత కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చార, మంట, నీటి బొబ్బలు వస్తాయి. అందుకే చాలామందికి పురుగు గుర్తే రాదు. సర్పి అనుకుని మంత్రం వేయించుకునేవాళ్లూ ఉన్నారు. మామూలుగా రెండు మూడు వారాల్లో మానిపోతుంది, మచ్చ కొంతకాలం ఉంటుంది. ఒంటి మీద కనిపిస్తే కొట్టకుండా ఊదేయండి, లేదా కాగితం ముక్క మీదికి ఎక్కించి విదిలించండి. నలిగితే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చెయ్యి కంటికి తగలనివ్వకండి. వాన పడ్డ రాత్రుళ్లు మంచం పైన లైటు ఆపేస్తే సగం గొడవ తప్పుతుంది.

ఇక చేలో సంగతి. ఈ పురుగు వరి రసం పీల్చే సుడిదోమ పిల్లల్ని, ఆకుముడత పురుగుల్ని తింటుంది, అంటే జీతం లేని కూలీ. కోవూరు వైపు ఎడగారు (రెండో పంట) వరిలో దీన్ని చూసి భయపడి సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు కొడితే ముందు చచ్చేది ఇదీ, సాలెపురుగులూ. సుడిదోమ తగ్గకపోగా ఇంకా పెరుగుతుంది. ఈ రకం మందుల తర్వాత సుడిదోమ ఉధృతి పెరగడం ఎన్నో దేశాల వరి పొలాల్లో రుజువైంది. "మందు కొట్టినా దోమపోటు ఆగలేదు సార్" అని వచ్చినవాళ్లని ముందు ఏం కొట్టారో అడుగుతాను. జవాబు తరచూ ఇదే.

మోకాళ్లు దాటని దోమ

తిరుపతి డాక్టరు పేరు మీద తిరిగే మెసేజ్ ఇది. మోకాళ్ల కింద కొబ్బరినూనె రాసుకుంటే డెంగీ రాదట, ఆ దోమ మోకాలి ఎత్తు దాటి ఎగరలేదట, పైగా నూనె యాంటీబయాటిక్ అట. డెంగీ వైరస్ జబ్బు, యాంటీబయాటిక్‌తో దానికి సంబంధమే లేదు. డెంగీని మోసే ఏడిస్ దోమ కాళ్ల దగ్గర ఎక్కువ కుడుతుందన్నది నిజమే కానీ, మేడ మీద మూతలేని ట్యాంకులో గుడ్లు పెట్టేదీ అదే. మోకాలు దాటకుండా అక్కడికి మెట్లెక్కి వెళ్తుందా?

నీళ్లు పట్టి దాచుకునే ఒంగోలు ఇళ్లలో చూడాల్సింది డ్రమ్ముల్ని. గుడ్లు నీటి అంచున గోడకి అతుక్కుని, ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి. అందుకని వారానికోసారి నీళ్లు పారబోస్తే చాలదు, లోపలి గోడ పీచుతో రుద్దాలి. దోమల్ని తరిమే శబ్దం చేస్తుందని చెప్పే ఫోన్ యాప్‌లు మాత్రం తీసేయండి, బ్యాటరీ దండగ.

మిగిలినవి క్లుప్తంగా. క్యాప్సికమ్‌లో దొరికిన దారంలాంటి "బుల్లి విషపాము" పురుగుల ఒంట్లో పెరిగే పరాన్నజీవి, మనిషినేం చేయదు. చెవిలో దూరిన పురుగు మెదడులోకి పోదు, మధ్యలో కర్ణభేరి ఉంది. చెవిలో పుల్ల పెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్తే చాలు. తేనెటీగలు పోతే నాలుగేళ్లలో మనుషులు పోతారని ఐన్‌స్టీన్ అన్న ఆధారమే లేదు. మన నెల్లూరు వరికి తేనెటీగతో పనిలేదు, తన పుప్పొడితోనే గింజ కడుతుంది. పొద్దుతిరుగుడుకి మాత్రం తేనెటీగలు కావాలి.

"మరి ప్రాణం తీసే పురుగే లేదా?" అంటే ఉంది. చెట్ల మీద, నీళ్ల ట్యాంకుల కింద పట్టుపెట్టే పెద్ద తేనెటీగలు, కందిరీగలు. వీటి గురించి ఫార్వర్డ్ నాకు ఒక్కటీ రాలేదు. గుంపు మీద పడితే మొహం కప్పుకుని పరిగెత్తి, తలుపులున్న గదిలో దూరండి. బావిలోకి దూకొద్దు, తల బయటపెట్టేదాకా పైనే తిరుగుతుంటాయి. తేనెటీగ ముల్లు ఒంట్లో ఉండిపోతే గోటితో గీకైనా సరే వెంటనే తీయాలి, ఆలస్యమయ్యే కొద్దీ విషం దిగుతూనే ఉంటుంది. ఎక్కువ ఈగలు కుట్టినా, లేదా ఒక్కటి కుట్టాకే పెదాలు వాచి, ఊపిరాడక, కళ్లు తిరిగినా సున్నం రాస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. అలాంటి అలర్జీకి పనిచేసేది ఆస్పత్రిలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే.