పొడి అక్షరంలో మిగిలిన ఇంటిపేరు

కిందటి వేసవిలో మా అన్నయ్య కూతురి పాస్‌పోర్టు పని మీద ఒక కౌంటరు ముందు కూర్చున్నాం. అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు పక్కన ‘ఎస్’ అని ఉంది. మా అన్నయ్య కాగితాలన్నింటిలో ‘డి’ అని ఉంది. కౌంటరులో ఉన్న తమిళాయన ఓపికస్తుడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ‘‘ఎస్ అంటే మీ పేరు, సరే సార్. మరి ఈ డి మీ నాన్నగారి పేరా?’’ అని అడిగాడు.

‘‘కాదండీ, మా ఇంటిపేరు.’’

‘‘ఇంటిపేరంటే? మీ ఊరి పేరా?’’

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. తమిళ పద్ధతిలో పేరు ముందుండే అక్షరం నాన్న పేరుది. తరం మారితే అక్షరం మారుతుంది. మన పద్ధతిలో అది వంశానిది, తాతకీ మనవడికీ ఒకటే. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల సర్టిఫికెట్లలో ఈ రెండు పద్ధతులూ కలిసిపోయాయి. బడిలో చేర్చేటప్పుడు టీచరు ‘ఇనిషియల్ ఏంటి’ అంటారు. ఇక్కడి అలవాటు ప్రకారం నాన్న పేరులో మొదటి అక్షరం రాసేసుకుంటారు. అమ్మానాన్నలు కూడా అప్పుడు పట్టించుకోరు. ఒక్క అక్షరమే కదా అనుకుంటాం. మా అన్నయ్యా అలాగే అనుకున్నాడు. పన్నెండేళ్ల తరవాత ఆ ఒక్క అక్షరం కోసం నోటరీ దగ్గరికి, గెజిట్ ప్రకటనకి తిరగాల్సి వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 42 లక్షల మంది. వీళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. అలాంటి ఇళ్లలో ఇంటిపేరు రాతలో మిగిలింది ఆ పొడి అక్షరం, అంటే ఇనిషియల్, రూపంలోనే. అది కూడా పోతే ఇంకేం మిగలదన్నదే నా బాధ.

ఈ నగరం వీధుల్లో నడిస్తే ఆ అక్షరాలు ఎలా కరిగిపోయాయో కనిపిస్తుంది. మనం రోజూ ‘టి. నగర్’ అంటాం. 1920ల మధ్యలో మాంబళం చెరువు నేల మీద వేసిన పేట అది. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. ఆయన తెలుగువాడు, ‘పిట్టి’ ఇంటిపేరు. పేట నడిబొడ్డున ఉన్న పానగల్ పార్కు, అప్పటి మద్రాసు ప్రీమియర్ పానగల్ రాజా పేరు మీదిది. ఆయన అసలు పేరు పానగంటి రామారాయణింగారు. ఇద్దరు తెలుగువాళ్లు, రెండు ఇంటిపేర్లు. ఇప్పుడు బస్సు బోర్డు మీద మిగిలింది ఒక్క ‘టి’.

ఆ టి దగ్గర ఇంకో సంగతి ఉంది. అదే బస్సు మీద తమిళంలో రాసిన బోర్డు చూడండి. అక్కడ ‘టి’ ఉండదు, ‘తి. నగర్’ అని ఉంటుంది. తమిళంవాళ్లు ‘తియాగరాయ’లోంచి మొదటి గుణింతాక్షరం తీసుకున్నారు. మనం మాత్రం ఇంగ్లీషులో మొదటి అక్షరం తీసుకుని, ఇంగ్లీషు అక్షరం పేరునే పలుకుతున్నాం. త్యాగరాయ అన్న పేరులో ‘ట’ అన్న ధ్వనే లేదు.

మైలాపూరు వైపు వెళితే ఆర్.కె. సాలై. ఒకప్పుడు ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు. తరవాత డాక్టర్ రాధాకృష్ణన్ సాలై అయింది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఊరు. ఆ కుటుంబం తిరుత్తణికి వచ్చినా ఊరి పేరు ఇంటిపేరుగా వెంట వచ్చింది. ఆయన జీవితమంతా ఎస్. రాధాకృష్ణన్ అనే సంతకం చేశారు. రోడ్డు పేరు పొట్టిచేసేటప్పుడు ఒక్క పేరునే రెండు ముక్కలు చేసి ఆర్, కె అన్నారు, ఎస్ పోయింది. కొత్తగా వచ్చినవాళ్లు ఆర్ ఇంటిపేరనీ, కె తండ్రి పేరనీ అనుకుంటే మనం ఏం చెప్పగలం?

సినిమావాళ్ల పేర్లలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంలో ఎస్, పి రెండూ కలిస్తే ఒకే ఇంటిపేరు, శ్రీపతి పండితారాధ్యుల. పి.బి. శ్రీనివాస్‌లో పి.బి. కూడా అంతే. అది ప్రతివాది భయంకరం అన్న వంశనామం. వాదంలో ఎదుటివాణ్ణి భయపెట్టే పండితుడని పూర్వీకుడికి వచ్చిన బిరుదు అది. ‘పి.బి.’ అన్నప్పుడు ఆ గర్జన వినపడుతుందా? ఎల్.వి. ప్రసాద్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఎల్, వి ఇంటిపేరు కాదు, లక్ష్మీవరప్రసాదరావు అన్న సొంత పేరులో ముక్కలు. ఇంటిపేరు అక్కినేని అందులో అసలు లేనే లేదు.

అన్నిటికంటే నన్ను కలచేది పొట్టి శ్రీరాములుగారి పేరు. ‘పొట్టి’ ఆయన ఇంటిపేరు. మనిషి పొట్టిగా ఉండేవారు కాబట్టి అలా పిలిచారని నమ్మే పిల్లలు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. ఈ మద్రాసులోనే పుట్టి, ఈ మద్రాసులోనే 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన మనిషి. మైలాపూరులో ఆయన దీక్ష చేసిన ఇల్లు బులుసు సాంబమూర్తిగారిది. బులుసు కూడా ఇంటిపేరే.

ఇంటిపేరు తెలుగువాళ్ల మనుగడలో ఎంత లోతుగా ఉందో వేరే చెప్పక్కర్లేదు. ఊరి నుంచి వచ్చినవి ఎక్కువ. వృత్తి, వస్తువు, బిరుదు నుంచి వచ్చినవీ ఉన్నాయి. ఒకే గోత్రం, ఒకే ఇంటిపేరు అయితే సంబంధం కలుపుకోరు. పెళ్లయిన ఆడపిల్లకి ఇంటిపేరు మారుతుంది. ఇంటిపేరు చెప్పగానే కులం ఆరా తీసేవాళ్లూ ఉన్నారు, ఆ మాట దాచలేం. అయినా మా తాతగారి పాత దస్తావేజు తీస్తే, మొదటి పంక్తిలోనే ఇంటిపేరు పూర్తిగా, గుండ్రటి అక్షరాల్లో ఉంటుంది. పొడి అక్షరం ఎక్కడా లేదు. ఇంగ్లీషు చదువులు, కచేరీ ఉద్యోగాలు వచ్చాక మా ఇంట్లో ‘డి’ మొదలైంది.

పేర్లని పొడిగా రాయడం మనకి తెలియని విద్య అనుకోవద్దు. పెళ్లి శుభలేఖ తీసి చూడండి. ‘చి.ల.సౌ.’ అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. పాత ఉత్తరాల మీద ‘మ.రా.రా.శ్రీ’ అని ఉండేది, మహారాజరాజశ్రీ అని. పోయినవాళ్లకి ‘కీ.శే.’. ఉత్తరం ముగించాక గుర్తొచ్చిన మాటకి ‘తా.క.’, తాజా కలం. వీటన్నిటిలో మనవాళ్లు తీసుకున్నది గుణింతంతో సహా అక్షరాన్ని. ‘సౌ’ అన్నారు గానీ ‘స’ అనలేదు, ‘కీ’ అన్నారు గానీ ‘క’ అనలేదు. మన లిపిలో హల్లూ అచ్చూ కలిసి ఒక్క అక్షరం అవుతాయి కాబట్టి మాటలో మొదటి ధ్వని మొత్తం అందులో నిలుస్తుంది. ఇంగ్లీషులో ఒక్క హల్లే మిగులుతుంది. మా ఇంటిపేరు ‘దా’తో మొదలవుతుంది. తెలుగు పద్ధతిలో పొడిగా రాస్తే ‘దా’. ఇంగ్లీషు మీదుగా తిరిగి వస్తే ‘డి’. నోరు తిరగని బిడ్డ పలికినట్టు ద పోయి డ వచ్చింది. ఇంట్లోవాళ్లమే దాన్ని ‘డి’ అని రాసి, ‘డి’ అని చదువుతున్నాం.

ఈ విషయంలో తమిళులు చేసిన పని మెచ్చుకోవాలి. వాళ్లు తమ పొడి అక్షరాన్ని తమ లిపిలోనే నిలుపుకున్నారు. కోవిల్‌పట్టి ప్రాంతపు రచయిత రాజనారాయణన్‌గారి ఇంటి భాష తెలుగు. కానీ తమిళ పాఠకులందరికీ ఆయన ‘కి.రా.’. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ప్రభుత్వ కాగితాల్లో, బడి రిజిస్టర్లలో తమిళంలో పేరు రాసేటప్పుడు ముందున్న అక్షరం కూడా తమిళంలోనే ఉండాలని. దాన్ని వాళ్లు ‘మున్నెళుత్తు’ అంటారు.

తెలుగు పిల్లలకి ఇక్కడ కొత్త చిక్కు వచ్చింది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకి ఒకే అక్షరం. త, థ, ద, ధలకీ ఒకే అక్షరం. మాటంతా రాసి ఉంటే ఇబ్బంది లేదు. తామరై, దామోదరన్ రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, అయినా చదివేవాళ్లు మొదటిదాన్ని త అనీ రెండోదాన్ని ద అనీ తేలిగ్గా పలుకుతారు. ఎందుకంటే మాట వాళ్లకి తెలుసు. ఒంటరి అక్షరానికి ఆ ఆసరా లేదు. మా ‘దా’ బడి రిజిస్టరులో ‘తా’ అయింది. గ తో మొదలయ్యే ఇంటిపేర్లు క అవుతాయి, బ తో మొదలయ్యేవి ప అవుతాయి. అందుకే ఇంటిపేరు పూర్తిగా రాయించండని తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను.

నాన్న పేరులో అక్షరం పెట్టుకునే తమిళ అలవాటు వెనక ఉన్న చరిత్ర కూడా తెలుసుకోవాలి. ఒకప్పుడు వాళ్ల పేర్ల చివర కులం ఉండేది. 1929లో చెంగల్పట్టులో జరిగిన పెరియార్ ఉద్యమపు మొదటి ఆత్మగౌరవ మహాసభ కులబిరుదులు వదిలేయమని తీర్మానించింది. ఆ సభకి అధ్యక్షత వహించిన సౌందరపాండియన్ పేరే టి. నగర్‌లోని పాండీ బజారుకి వచ్చిందంటారు. ఆ తీర్మానం ఈ నేల మీద నిజంగా పనిచేసింది. చివరి తోక పోయాక మనిషికి మిగిలినవి సొంత పేరు, నాన్న పేరులో ఒక అక్షరం. అది మంచి మార్పు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. అయితే కులం తోకనీ ఇంటిపేరునీ ఒకటే అనుకోవడం వల్ల మనం రెండింటినీ కలిపి పారేసుకున్నాం.

ఇప్పుడు ఈ సంగతి ఇంత అవసరం ఎందుకైందంటే, ప్రభుత్వ దరఖాస్తులు పొడి అక్షరాన్ని ఒప్పుకోవడం మానేశాయి. పాన్ కార్డు దరఖాస్తులో ఇంటిపేరు, సొంత పేరు పొడిగా రాయకూడదు. మీ పాన్ నంబరు తీసి అయిదో గుర్తు చూడండి. నాలుగోది మనిషి అని చెప్పే ‘పి’, అయిదోది ఇంటిపేరుగా నమోదైన పేరులో మొదటి అక్షరం. చాలామంది తెలుగువాళ్లకి అది ఇంటిపేరు అక్షరం కాదు, సొంత పేరుదో నాన్న పేరుదో అయి ఉంటుంది. మన పేరులో ముందుండే ఇంటిపేరుని ‘చివరి పేరు’ అన్న గడిలో రాయాలని దరఖాస్తు నింపేటప్పుడు తట్టదు మరి.

పాస్‌పోర్టులోనూ పొడి అక్షరాలు విప్పి రాయాలి. అందులో యంత్రం చదివే రెండు పంక్తులు ఉంటాయి, ఒక్కోదానిలో 44 గడులు. పేరుకి దక్కేవి 39. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం అని ఇంగ్లీషులో మామూలుగా రాసే స్పెల్లింగుతో లెక్కపెట్టాను. అక్షరాలే సరిగ్గా 39 వచ్చాయి. మధ్యలో పెట్టే గుర్తులకి ఇంకో మూడు గడులు కావాలి. మన పేర్లని దృష్టిలో పెట్టుకుని ఆ పట్టీ గీయలేదని అర్థమవుతుంది. పోనీ ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేద్దామా అంటే అదీ కుదరదు. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్లని విజిట్ వీసా మీద రానివ్వబోమంది. తరవాత, లోపలి పేజీలో తండ్రి పేరు ఉంటే ఒప్పుకుంటామని సడలించింది. ఆ కొన్ని రోజులు దుబాయిలో బంధువులున్న ఇళ్లలో పడ్డ టెన్షన్ నాకు బాగా గుర్తుంది.

కోర్టు దాకా వెళ్లిన ఇంటిపేరు కథ కూడా ఒకటి ఉంది. భర్త చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తెలుగు తల్లి, బిడ్డకి తన కొత్త కుటుంబం ఇంటిపేరు పెట్టుకుంది. కన్నతండ్రి ఇంటిపేరే ఉండాలని హైకోర్టు ఆదేశించింది. 2022 జులైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని పక్కన పెట్టి, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లికి ఉందని చెప్పింది.

చిన్నపిల్లలున్నవాళ్లు ఇంకో మార్పు కూడా గుర్తుంచుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువీకరణ పత్రమే. అందులో పడిన పేరే అన్నిచోట్లా నడుస్తుంది. ఆసుపత్రిలో ఆ కాగితం నింపేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాస్తే, మా అన్నయ్య పడిన తిరుగుడు తప్పుతుంది.

అమ్మాయి పాస్‌పోర్టు చివరికి వచ్చింది. ఇంటిపేరు మొత్తం ఉంది అందులో. ఆ రోజు సాయంత్రం ఒక నోటుపుస్తకం తెచ్చి, ‘‘బాబాయ్, మన ఇంటిపేరు తెలుగులో ఎలా రాయాలి?’’ అంది. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివిన పిల్ల. తెలుగు అక్షరం ఎప్పుడూ దిద్దలేదు. నేను రాసి చూపించాను. కింద తను రాసింది. మొదటి అక్షరం ‘డా’ అని పడింది. తన వేలు పట్టుకుని, డ కడుపులో చిన్న గీత పెట్టించాను.