ఏడీహెచ్‌డీ పిల్లాడు ఎవరి బాధ్యత? గొడవంతా 1991 నాటి ఒక మెమో దగ్గరే ఉంది

ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, కుదురు నిలవని సమస్య ఉన్న పిల్లల కోసం టీచరు ఎంతవరకు సర్దుకోవాలన్న గొడవ మళ్ళీ రాజుకుంది. క్లాసంతా చూసుకోవాలా, ఒక్కడి వెనకాలే తిరగాలా అని టీచర్లు. మావాణ్ణి రోజూ బయట నిలబెడుతున్నారు, మీకు చేతకాకపోతే చెప్పండి అని తల్లిదండ్రులు. ఈ సమస్యను మొదట ఎవరు గుర్తించారు, పేరు ఎన్నిసార్లు మారింది అనేవి చాలామంది రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా. నన్నడిగితే అసలు మలుపు అమెరికాలో 1990, 91లో వచ్చింది.

1990లో అక్కడి చట్టసభ కాంగ్రెస్ ప్రత్యేక విద్య చట్టాన్ని సవరించి ఐడీఈఏ అని కొత్త పేరు పెట్టింది. ఆ చట్టం కింద సాయం అందే వైకల్యాల్లో ఆటిజాన్ని విడి కేటగిరీగా చేర్చింది కూడా అప్పుడే. మా పిల్లలకూ అలాంటి కేటగిరీ కావాలని 1987లో పుట్టిన ఛాడ్ అనే ఏడీహెచ్‌డీ పిల్లల తల్లిదండ్రుల సంఘం గట్టిగా పట్టుబట్టింది. వాళ్ళ మాటలో న్యాయముంది: తెలివి ఉండి, చదవడం వచ్చి, కేవలం కుదురుగా కూర్చోలేక, చెప్పింది పూర్తి చేయలేక వెనకబడే పిల్లాడు అప్పటిదాకా ఏ గడిలోనూ ఇమడలేదు, కాబట్టి 'అల్లరివాడు' అనే ముద్రతోనే క్లాసులు దాటేవాడు, లేదా దాటలేకపోయేవాడు. విద్యా సంఘాలు కొన్ని వద్దన్నాయి. నల్లజాతి పిల్లలకే ఈ ముద్ర ఎక్కువ పడుతుందేమోనన్న భయమూ వినిపించింది, అది కొట్టిపారేయాల్సింది కాదు.

కాంగ్రెస్ ఎటూ తేల్చకుండా జనం అభిప్రాయాలు తీసుకోమని విద్యాశాఖకు చెప్పింది. 2,000కు పైగా ఉత్తరాలు వచ్చాయి. చివరికి 1991 సెప్టెంబర్ 16న విద్యాశాఖలోని మూడు విభాగాలు కలిసి ఒక మెమో ఇచ్చాయి. కొత్త కేటగిరీ లేదు, కానీ 'ఇతర ఆరోగ్య సమస్యలు' వంటి పాత గడుల్లో ఈ పిల్లలు ఇమడొచ్చు, అక్కడా ఇమడకపోతే వైకల్యం ఉన్నవాళ్ళ మీద వివక్ష కూడదనే 1973 నాటి చట్టంలోని సెక్షన్ 504 కింద సాయం అందాలి అన్నారు.

ఆ మెమోలో మామూలు క్లాసులో ఏం చేయొచ్చో కూడా ఉంది: చెప్పిన పనిని తేలిక మాటల్లో మళ్ళీ చెప్పడం, నోటితో చెప్పింది కంటికి కనబడేలా పెట్టడం, పరీక్ష పెట్టే తీరు మార్చడం, హోంవర్కు పిల్లాడికి తగ్గట్టు ఇవ్వడం. ఈరోజు ఏ నిపుణుణ్ణి అడిగినా దాదాపు ఇవే చెప్తారు.

లేనిదల్లా డబ్బు. ఐడీఈఏ వెనక కేంద్రం ఇచ్చే నిధులు కొంతైనా ఉన్నాయి, సెక్షన్ 504 హక్కుల చట్టం, దానికి విడిగా పైసా రాదు. అంటే బాధ్యత వచ్చింది గానీ క్లాసులో రెండో మనిషి రాలేదు. టీచర్ల కోపం అక్కణ్ణుంచే మొదలైంది, అది పైకి వెళ్ళకుండా తల్లిదండ్రుల మీదకు మళ్ళింది.

రెండో మనిషి ఉంటే ఏమవుతుందో 1990ల్లో ఏడీహెచ్‌డీ చికిత్సలను పోలుస్తూ 579 మంది పిల్లలతో చేసిన ఎంటీఏ అనే అధ్యయనంలో కొంత చూడొచ్చు. అందులో మందులు లేకుండా ప్రవర్తన మీదే పనిచేసిన గుంపులో పిల్లాడి క్లాసులో 12 వారాలు సగం పూట ఒక సహాయకుణ్ణి పెట్టారు, రోజూ ఇంటికి ఒక కార్డు పంపారు. ఇలాంటి కార్డులో రెండు మూడు చిన్న లక్ష్యాలే ఉంటాయి, 'చెయ్యెత్తి మాట్లాడాడా', 'ఇచ్చిన లెక్కలు పూర్తిచేశాడా' లాంటివి; టీచరు టిక్ పెడితే సాయంత్రం ఇంట్లో చిన్న బహుమతి. 1999లో ఫలితాలొచ్చినప్పుడు ప్రధాన లక్షణాల విషయంలో మందులే మెరుగని తేలింది, అందరూ ఆ ఒక్క ముక్కే పట్టుకున్నారు. మూడేళ్ళ దగ్గర మళ్ళీ చూస్తే గుంపుల మధ్య ఆ తేడా మిగల్లేదన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు.

బళ్ళు మందులవైపు తోస్తున్నాయన్న అనుమానం మాత్రం పాతదే. 1970లోనే అమెరికాలోని ఒమాహా నగరంలో బడిపిల్లలకు ఇస్తున్న మందుల మీద పత్రికలో వార్త వచ్చి, కాంగ్రెస్‌లో విచారణ దాకా వెళ్ళింది. మందు వాడితేనే బడికి రానిస్తామని షరతు పెట్టకూడదని చట్టంలో రాసింది 2004లో. మధ్యలో 34 ఏళ్ళు!

2016లో అదే విద్యాశాఖ సెక్షన్ 504 గురించి బళ్ళకు మళ్ళీ ఉత్తరం రాయాల్సి వచ్చింది. అంతకుముందు ఐదేళ్ళలో బళ్ళలో వైకల్య వివక్ష మీద వచ్చిన 16,000కు పైగా ఫిర్యాదుల్లో సుమారు 2,000 ఏడీహెచ్‌డీ పిల్లలవే. మార్కులు బాగానే వస్తున్నాయి కదా అని, పిల్లాడికి వైకల్యం ఉందేమో పరీక్షించకుండా వదిలేయకూడదని అందులో స్పష్టంగా చెప్పారు. ఇప్పటి గొడవలో కూడా బడివాళ్ళు ముందుగా చూపిస్తున్నది ఆ మార్కుల కాగితమే.