గ్యాస్ ఉంది, ఊట లేదు

పర్లాకిమిడి

పిల్లలూ,

"సముద్రంలో అంత గ్యాస్ పడిందని పేపర్లో వేస్తారు, తర్వాత చప్పుడుండదేం తాతయ్యా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు. కోనసీమలో గ్యాస్ బావుల ఖర్చులు చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. వంటింటి సిలిండర్‌లో ఉండేది ఎల్‌పీజీ, అది వేరు. ఇది మీథేన్, ఆటోల్లో సీఎన్‌జీగా నింపేది.

మన పెరటి బావి చూశారుగా, రాతినేల. ఎండాకాలం మోటారు వేస్తే కాసేపటికే నీళ్లు అడుగంటి, ఫుట్‌వాల్వ్ గాలి పీలుస్తుంది. తెల్లారేసరికి మళ్లీ మోకాలి లోతు ఊరుతాయి. నీళ్లు లేక కాదు, ఊట నిదానం. కొన్ని గ్యాస్ నిక్షేపాలూ అంతే. గ్యాస్ ఇసుకరాతి రేణువుల సందుల్లో ఉంటుంది. ఆ సందులు ఒకదానితో ఒకటి కలిసి ఉంటేనే బావిలోకి జోరుగా వస్తుంది. రాయి గ్యాస్‌ని ఎంత సులువుగా పారనిస్తుందో డార్సీల్లో కొలుస్తారు. ఇసుకలోంచి నీరు పారే తీరును 1856లో లెక్కగట్టిన ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ పేరే అది. 0.1 మిల్లీడార్సీకి (డార్సీలో వెయ్యో వంతు మిల్లీడార్సీ) లోపుంటే 'టైట్ గ్యాస్' అంటారు. అక్కడ నీళ్లూ ఇసుకా విపరీతమైన ఒత్తిడితో పంపి రాయిని చీల్చాలి. చీలికలు మూసుకుపోకుండా ఆ ఇసుకే అడ్డం నిలుస్తుంది. ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా మొదట బాగా వచ్చి, ఒకట్రెండేళ్లలోనే సగానికి పైగా పడిపోవడం మామూలు.

ఇప్పుడు నేను వేసిన లెక్క చూడండి. 100 కోట్లు అప్పు తెచ్చి బావి తవ్వారనుకోండి. ఖర్చులు పోను ఏడాదికి 8 కోట్లు మిగులుతోంది. ముప్పై ఏళ్లకు 240 కోట్లు, లాభమే కదా అనిపిస్తుంది. కానీ 12 శాతం వడ్డీ అయితే ఏడాదికి వడ్డీయే 12 కోట్లు! కింద గ్యాస్ ఉన్నా అప్పు పెరుగుతూనే ఉంటుంది. అదే బావి మొదటి మూడేళ్లూ ఏడాదికి 45 కోట్లిస్తే, ఆ తర్వాత ఎండిపోయినా అప్పు తీరిపోతుంది. మొత్తం 135 కోట్లే అయినా సరే.

2005లో గుజరాత్ ప్రభుత్వ కంపెనీ జీఎస్‌పీసీ, ఆంధ్రా తీరంలోని కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించింది. చాలా లోతు, వేడి, ఒత్తిడి, పైగా బిగుసుకున్న రాయి. ఒక్కో బావి ఖర్చు పెరిగింది, గ్యాస్ మాత్రం అనుకున్నంత రాలేదు. చివరికి 2017లో అందులో 80 శాతం వాటా కేంద్ర ప్రభుత్వ చమురు కంపెనీ ఓఎన్‌జీసీ కొనుక్కుంది. ఆ ప్రకటన రోజున ఒక్కో బావి రోజుకెంత ఇస్తుందని గట్టిగా అడిగి ఉండాల్సింది.

ఇలాంటి రాతిలోంచి తీసే గ్యాస్‌కి అమెరికా 1980లోనే పన్ను రాయితీ ఇచ్చింది. మన ప్రభుత్వం 2016లో లోతు సముద్రం, అధిక ఒత్తిడి, అధిక వేడి ఉన్న బావుల గ్యాస్‌కి ఒక గరిష్ఠ పరిమితి పెట్టి, ఆ లోపు ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇచ్చింది. ధర పెరిగితే ఆ భారం గ్యాస్‌తో యూరియా చేసే ఫ్యాక్టరీల మీదా, సీఎన్‌జీ ఆటోవాళ్ల మీదా పడుతుంది. అయినా కష్టమైన గ్యాస్‌కి ఎక్కువ ధర ఇవ్వడం న్యాయమేనని నా అభిప్రాయం. కానీ ముందు రెండు మూడు బావులు నెలల తరబడి పారించి, ఊట ఎంతో తేల్చుకున్నాకే ప్రజల డబ్బు వేల కోట్లు పెట్టాలి.

ప్రేమతో,
మీ తాతయ్య