పొలం నగదుకు అమ్ముతున్నారా? అపోహలు - వాస్తవాలు

కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు బీడుపడిన మెట్ట పొలాలను అమ్ముకునే వారికి అనంతపురంలో క్రయ దస్తావేజులు రాయడం నా వృత్తి. కూతురి పెండ్లికో ఆసుపత్రి ఖర్చుకో తొందరపడి అమ్మే వారిని నేను తప్పుపట్టను. వారి అవసరం చూసి రచ్చకట్ట మీద చట్టాలు చెప్పే వారి మీదే నా కోపం.

అపోహ: పొలానికి పన్ను లేదు గనుక, దస్తావేజులో ప్రభుత్వ విలువ మాత్రం రాయించి, మిగతాది నోట్లుగా తీసుకుంటే ఇద్దరికీ లాభం.

వాస్తవం: మునిసిపాలిటీ హద్దుకు, అక్కడి జనాభాను బట్టి 2, 6 లేదా 8 కిలోమీటర్లకు ఆవల ఉన్న వ్యవసాయ భూమి అమ్మకంపై మూలధన లాభాల పన్ను ఉండదన్నది నిజమే. అటువంటప్పుడు ధర తగ్గించి రాయడం వల్ల అమ్మేవారికి పైసా మిగలదు. మిగిలేదల్లా కొనేవారి స్టాంపు డ్యూటీ మాత్రమే. పైగా స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి బయానాగా గానీ, మరో విధంగా గానీ 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచి నిషేధించింది. అతిక్రమిస్తే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు, అదీ ఇచ్చినవారి మీద కాదు, తీసుకున్నవారి మీద. ఇద్దరికీ వ్యవసాయాదాయం ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేనప్పుడు మినహాయింపు ఉంది గానీ, బెంగళూరు నుంచి కారులో వచ్చి ఎకరాలు కొనే వ్యాపారి ఆ కోవలోకి రాడు.

ఒక పెద్దామె, మిగిలిన సొమ్ము వారంలో ఇస్తానన్న మాట నమ్మి వేలిముద్ర వేసి, అది రాకపోయేసరికి దస్తావేజు నకలు పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. “దుడ్లు మాట్లాడుకున్నది ఊరందరికీ తెలుసు కదా నాయనా” అన్నది. “క్రయధనం యావత్తూ ముట్టినది” అన్న వాక్యాన్ని ఆమెకు చదివి వినిపించడం నాకు ఎంతో కష్టమైంది. రిజిస్ట్రేషన్‌తో హక్కు కొన్నవారికి వెళ్లిపోయింది. బాకీ కోసం దావా వేసినా ఆమె వేలిముద్ర ఉన్న కాగితమే ఆమెకు ఎదురు నిలుస్తుంది. అందుకే అసలు ధరంతా దస్తావేజులో రాయించి, డీడీ లేదా ఆర్‌టీజీఎస్ నంబరు, తేదీ అందులోనే చేర్పించి, సొమ్ము ఖాతాలో పడినట్లు బ్యాంకులో నిర్ధారించుకున్న తరువాతనే సంతకం చేయాలి. బీడుగా వదిలిన భూమికి గతంలో సాగు చేసిన ఆధారాలు పన్ను అధికారులు అడగవచ్చు గనుక పాత అడంగల్ (సాగు వివరాలు రాసే రెవెన్యూ రికార్డు) నకళ్లను కూడా దాచుకోవాలి.

నగదు ఇచ్చేవారు దొరికితే డీకేటీ పట్టా భూమి (పేదలకు ప్రభుత్వం కేటాయించినది) కూడా అమ్ముడుపోతుందన్న ప్రచారాన్ని నమ్మవద్దు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింది నిషేధిత జాబితాలో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ జరగదు.

నగదు ఉంటే పని ఒక్క రోజులో అయిపోతుందనేది మరొక మాట. తండ్రి పేరు మీదే ఉన్న వన్-బి (యజమాని పేరు చూపే రెవెన్యూ రికార్డు) వారసుల పేరుకు మారనిదే, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రం)లో పాత తనఖా రద్దు కానిదే, ఎంత నగదు ఉన్నా పని ముందుకు సాగదు.

ఆలస్యం ఎందుకని జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికారం ఇచ్చే పత్రం) రాసిమ్మనేవారూ ఉన్నారు. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టం చేసింది. మీ పేరు మీదే ఉన్న పొలాన్ని మీకు తెలియకుండా మరొకరికి రిజిస్టరు చేసే అధికారాన్ని మాత్రం అది వారి చేతిలో పెడుతుంది.