ఇద్దరు చాలన్నవారే ఇప్పుడు ముగ్గురిని కనమంటున్నారు

గుంటూరు మిర్చి షెడ్లలో తొడిమలు తీసే ఆడవాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే, మాట ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషన్ మీదికి వస్తుంది. "రెండో కాన్పుకు పెద్ద ఆపరేషన్ చేసి, అప్పుడే పిల్లల ఆపరేషన్ కూడా చేసేశారండీ. అప్పటికి నాకు ఇరవై రెండు" అంది ఒకామె. చేతులకు కారం అంటి ఉండటంతో నుదుటి చెమటను మోచేత్తో తుడుచుకుంది. "ఇప్పుడేమో ముగ్గురిని కనమంటున్నారట కదా?"

అంటున్నారు. 2024 నవంబరులో, ఆ షెడ్డుకు గంట ప్రయాణం దూరంలో ఉన్న వెలగపూడిలో, శాసనసభ పాత నిబంధన ఒకటి రద్దు చేసింది. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీ చేయరాదన్న ఆ నిబంధనది ముప్పై ఏళ్ల చరిత్ర.

దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లోనే మొదలైంది. దాని గుర్తయిన ఎర్ర త్రికోణం, "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" అన్న మాట గోడలకెక్కాయి. ఎమర్జెన్సీలో అది బలవంతమైంది. 1976-77లో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగితే, వాటిలో నాలుగింట మూడు వంతులు మగవాళ్లవే. 1977లో ఉత్తరాది ఓటర్లు కాంగ్రెస్‌ను తుడిచిపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆ పార్టీ 42 సీట్లకు 41 గెలిచింది. ఆ ఓటమి తర్వాత మగవాళ్ల జోలికి వెళ్లే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేకపోయింది. భారమంతా ఆడవాళ్ల మీద పడింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు అదే, ఎవరూ పెద్దగా చెప్పుకోనిదీ అదే.

1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరు పిల్లల షరతు తెచ్చింది. 1997లో రాష్ట్రం సొంత జనాభా విధానం ప్రకటించింది. హర్యానాలోని ఇలాంటి షరతే 2003లో సుప్రీంకోర్టులో నిలిచింది. పదవి కోసం భార్యను వదిలేయడం, గర్భం తీయించడం, బిడ్డను దత్తత ఇచ్చేయడం వంటివి ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో మాజీ ఐఏఎస్ అధికారి నిర్మలా బుచ్ జరిపిన అధ్యయనంలో బయటపడ్డాయి.

సంఖ్యలు మాత్రం పాలకులు కోరినట్టే దిగాయి. రాష్ట్రంలో 1992-93లో మహిళకు సగటున 2.6గా ఉన్న సంతానం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 1.7కు చేరింది. ఆడవాళ్ల చదువు పెరగకముందే ఈ తగ్గుదల మొదలవడం జనాభా శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచింది. అదే సర్వేలో, రాష్ట్రంలోని వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్లు అర శాతం కూడా లేరు.

ఇప్పుడు గాలి తిరిగింది. వృద్ధుల సంఖ్య పెరుగుతోందన్నది ఒక భయం. రెండోది లోక్‌సభ సీట్ల భయం. జనాభాను బట్టి రాష్ట్రాలకు పంచే ఈ సీట్లను 1976లో 42వ రాజ్యాంగ సవరణ 1971 జనగణనకు కట్టేసింది. 2001లో 84వ సవరణ ఆ కట్టును 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది. అది విడితే, జననాలు తగ్గించుకున్న దక్షిణాది వాటా కూడా తగ్గుతుంది. మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని విజయనగరం ఎంపీ ప్రకటించారు. ఆడపిల్ల పుట్టుకకూ మగపిల్లాడి పుట్టుకకూ వేర్వేరు బహుమతులు కట్టడం నాకు బాధ కలిగించింది.

పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం మహిళ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 2009లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట మిర్చి షెడ్డులో చెబితే ఆమె కాసేపు మాట్లాడలేదు. బస్తాలోంచి మరో దోసెడు కాయలు ముందు పోసుకుంది.

"వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లండీ. ఆపరేషన్ ఎప్పుడన్నది దాన్ని అడిగి చేస్తే చాలు."