“ర్యాంపు ఉంది మేడమ్” అంటే సరిపోదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ళు, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళు, పోలియో వల్ల కాలికి కాలిపర్లు (ఊతంగా కట్టుకునే పట్టీలు) వేసుకుని నడిచేవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. వ్యాయామాల గురించి ఎంత అడుగుతారో, “ఫలానా హాలుకి అమ్మని తీసుకుపోవచ్చా మేడమ్?” అనీ అంతే అడుగుతారు. పెళ్ళిపత్రిక రాగానే ఇంట్లో అందరికీ సంతోషం. వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి మాత్రం దిగులు మొదలవుతుంది. అందుకే కొన్నేళ్ళుగా నా బ్యాగులో ఒక టేపు పెట్టుకుంటున్నాను. వెళ్ళిన ప్రతిచోటా కొలిచి, ఫొటోలు తీసి, మా పేషెంట్ల వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఈ పనిలో పదే పదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నదాంతో మొదలుపెడతాను.

అపోహ: “ర్యాంపు ఉంది, లిఫ్టు ఉంది” అని చెబితే సమాచారం ఇచ్చినట్టే.

వాస్తవం: కాదు. ఎంత ఎత్తు, ఎంత పొడవు, ఎంత వెడల్పు, బాత్రూమ్ ఎక్కడ అన్నవి చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే.

పోయిన మాఘమాసంలో ఒంగోలులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురి అమ్మమ్మ నా పేషెంటు. పక్షవాతంతో కుడిచెయ్యి, కుడికాలు స్వాధీనంలో లేవు. ఆమె కూతురు వారం ముందే హాలుకి ఫోన్ చేసి కనుక్కుంది. “అన్నీ ఉండాయమ్మా, మీరేం టెన్షన్ పడబాకండి” అన్నాడట మేనేజరు. ఆయన అబద్ధం చెప్పలేదు. ర్యాంపు ఉంది. కానీ మూడు మెట్ల ఎత్తుకి ఐదడుగుల పొడవే వేశారు. దానిమీద నున్నగా పాలిష్ పట్టిన చీమకుర్తి గ్రానైటు, అదీ అప్పుడే కడిగినది. ఇద్దరు అల్లుళ్ళు వెనక నుంచి తోస్తుంటే ఒకాయన కాలు జారింది. కుర్చీ వెనక్కి వచ్చేసింది. పక్కనున్నవాళ్ళు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

అక్కడితో అయిపోలేదు. బాత్రూమ్ తలుపు తీశాక మిగిలిన ఖాళీ 23 అంగుళాలే. కుర్చీ లోపలికి పోదు. పెద్దామెకి ఈ సంగతి ముందే అనుమానం. అందుకని రాత్రి నుంచే మంచినీళ్ళు మానేసింది. కూతురికి కూడా చెప్పలేదు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగాయి. మనవరాలి అప్పగింతలు చూడకుండానే ఇంటికి తీసుకొచ్చేశారు. “నీళ్ళెందుకు తాగలేదమ్మా?” అంటే, “అక్కడ నన్ను ఎవరు ఎత్తి కూర్చోబెడతారమ్మా, సిగ్గు కదా” అంది. ఆ మేనేజరు ఫోన్‌లో “బాత్రూమ్ తలుపు ఇరుకమ్మా, కుర్చీ పోదు” అని ఒక్క మాట చెప్పి ఉంటే, వాళ్ళు ఎదురుగా ఉన్న లాడ్జిలో వీలైన గది చూసుకునేవాళ్ళు.

కాబట్టి ఎవరైనా అడిగితే ఉందా లేదా అన్న దగ్గర ఆగకండి. ర్యాంపు లెక్క తేలిక: అంగుళం ఎత్తుకి కనీసం అడుగు పొడవు. మూడు మెట్లు కలిపి 18 అంగుళాలైతే 18 అడుగుల ర్యాంపు కావాలి. మన ఊళ్ళలో ఇళ్ళ ముందూ షాపుల ముందూ కనిపించే నిటారు వాలు బైకులు ఎక్కించుకోవడానికి కట్టింది. దాన్ని చూపించి ర్యాంపు ఉందని చెప్పకండి. పైన ఏం పరిచారో కూడా చెప్పండి. గరుకు టైలా, పాలిష్ రాయా అన్నది చంకకర్రలతో నడిచేవాళ్ళకి మొదట తెలియాల్సిన సంగతి.

తలుపు కొలిచేటప్పుడు తలుపు రెక్కను కొలవకండి. తలుపు పూర్తిగా తీసి, మిగిలిన ఖాళీ కొలవండి. కేంద్రం ప్రమాణాల ప్రకారం అది 900 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులకు కాస్త తక్కువ ఉండాలి. మామూలు వీల్‌చైర్ బయటి కొలతే 25, 26 అంగుళాలు ఉంటుంది. చక్రం తిప్పే చేతులకి అటూ ఇటూ ఇంకొంత చోటు కావాలి. నా దగ్గరికొచ్చే ఒక కుర్రాడి రెండు చేతుల కణుపుల మీదా నల్లటి కాయలు కాశాయి. ఏమైందిరా అని అడిగితే, “ద్వారబంధాలకి గీరుకుపోయినవి మేడమ్” అన్నాడు.

ఇంకో సంగతి. చాలా ఫంక్షన్ హాళ్ళలో వంటపాత్రలు, బియ్యం బస్తాలు దించుకునే వెనక గేటు నేలకి సమంగా ఉంటుంది. ఆ దారి ఉందని ముందే తెలిస్తే కుటుంబం కారు నేరుగా అక్కడికే తెచ్చుకుంటుంది. ఇది ఎవరూ చెప్పరు. “పెద్దవాళ్ళని వెనక నుంచి ఎలా తెమ్మంటాం” అని మొహమాటపడతారు. మీరు చెప్పండి. ఏ దారిన రావాలో వచ్చేవాళ్ళు తేల్చుకుంటారు.

అపోహ: “మనవాళ్ళు నలుగురున్నారుగా, ఎత్తుకుని తీసుకుపోతారు.”

వాస్తవం: దీనిమీద నాకు కోపం ఎక్కువ. పక్షవాతం వచ్చిన భుజానికి చాలాసార్లు కండరాల పట్టు ఉండదు. చంకలో చెయ్యి వేసి లాగితే కీలు జారిపోవచ్చు. తర్వాత నెలల తరబడి నొప్పి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి నడుము కింద స్పర్శ ఉండదు, మెట్ల అంచుకి ఒరుసుకున్నా తెలియదు. ఇంటికెళ్ళాక పుండు కనబడుతుంది, అది మానడానికి ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేం. ఎత్తేవాళ్ళ మంచి మనసుని తప్పుపట్టడం లేదు. ముందు సమాచారం ఉంటే ఎత్తాల్సిన అవసరమే రాకపోవచ్చు.

అపోహ: “మా దగ్గర సౌకర్యం లేదని రాస్తే ఐదు లక్షలు ఫైన్ వేస్తారట.”

వాస్తవం: ఈ ఫార్వర్డ్ మెసేజ్ నాకు ముగ్గురు చూపించారు. దయచేసి ఆపండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో, 89వ సెక్షన్ కింద, మొదటి ఉల్లంఘనకి పదివేల దాకా, ఆ తర్వాతి వాటికి 50 వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉన్న మాట నిజం. అది చట్టాన్ని పాటించనందుకు, నిజం చెప్పినందుకు కాదు. జనం వాడే ప్రైవేటు భవనాలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయి. ఉన్న భవనాలను మార్చుకోవడానికి ఇచ్చిన ఐదేళ్ళ గడువు 2022లోనే అయిపోయింది. భవనాల్లో ఈ సౌకర్యాల ప్రమాణాలను తప్పనిసరి చేస్తూ నిబంధనలు తెమ్మని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. దాచినంత మాత్రాన మెట్లు మాయం కావు. “ముందు రెండు మెట్లున్నాయి, ర్యాంపు లేదు, పక్క గేటు నుంచి రావచ్చు” అని రాసిన హాలుని మా పేషెంట్లు ఎక్కువ నమ్ముతారు.

అపోహ: ఇదంతా వీల్‌చైర్ వాళ్ళ కోసమే.

వాస్తవం: చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. చూపు లేనివాళ్ళకి గేటు నుంచి ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఎటువైపు అన్నది చెప్పండి. వినపడనివాళ్ళకి ఫోన్ నంబరు ఒక్కటే ఇస్తే లాభం లేదు, వాట్సాప్‌లో రాసి అడిగే వీలుండాలి. ఆటిజం ఉన్న పిల్లల తల్లులు అడిగేది రద్దీ ఏ వేళ తక్కువ, డీజే ఉందా అని. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి వెళ్ళాలనుకునేవాళ్ళకి ఇది పెద్ద విషయం.

అపోహ: గూగుల్ మ్యాప్స్‌లో వీల్‌చైర్ గుర్తు ఉంటే చాలు.

వాస్తవం: ఆ టిక్కు యజమానో, వచ్చి వెళ్ళినవాళ్ళో పెట్టింది. కొలిచి పెట్టారో లేదో మనకి తెలియదు. 2010లో బెర్లిన్‌లో మొదలైన వీల్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాప్‌లో అయితే కాస్త స్పష్టత ఉంది. వాకిట్లో మెట్టు లేకుండా, అన్ని గదులకీ మెట్లు లేకుండా వెళ్ళగలిగితే పచ్చరంగు. ఏడు సెంటీమీటర్లు మించని ఒక్క మెట్టుంటే పసుపు. బాత్రూమ్ సంగతి విడిగా అడుగుతారు. మన ఊళ్ళ వివరాలు అందులో ఎవరైనా చేర్చవచ్చు. మ్యాప్స్‌లోనైనా సరే, టిక్కుతో ఆగకుండా మెట్ల ఫొటో, బాత్రూమ్ తలుపు ఫొటో పెట్టండి. ఫొటోలో టేపు కనబడాలి.

అపోహ: ఒకసారి రాసి పెడితే ఎప్పటికీ పనికొస్తుంది.

వాస్తవం: మా వీధి చివర ఒక ల్యాబు ఉంది. దాని ముందు నాలుగంగుళాల మెట్టు ఒక్కటే అని గ్రూపులో పెట్టాను. తర్వాత కొత్త కాలువ కట్టారు, మెట్టు పది అంగుళాలైంది. నా మెసేజ్ చూసుకుని రక్తపరీక్షకి వెళ్ళిన ఒకాయన రోడ్డు మీదే అరగంట ఆగిపోయాడు. చివరికి ల్యాబు అమ్మాయి బయటికొచ్చి, స్కూటీ పక్కన నిలబడి రక్తం తీసుకుంది. ఆ రోజు నుంచి ప్రతి ఫొటో కింద తేదీ రాస్తున్నాను. పాత వివరం అనిపిస్తే బయల్దేరే ముందు నాకు ఫోన్ చేయమంటాను, దగ్గరైతే నేనే వెళ్ళి మళ్ళీ కొలిచి చెబుతాను.