కొట్టం బొమ్మ గీసి పంపేముందు: డిజిటల్ చిత్రకళలో కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉండేది అనంతపురంలో. పగలు లెక్కలు చూసే ఉద్యోగం, రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు కంప్యూటర్‌లో బొమ్మలు. తొమ్మిదేళ్లుగా ఇదే అలవాటు. గీసినవి అమ్మను. పదిహేను మంది ఆన్‌లైన్ మిత్రులం ఒకరికొకరం పంపుకొని చూసుకుంటాం. వారిలో చాలామందిని నేను ముఖాముఖి చూడనేలేదు. నెలకో విషయం పెట్టుకుంటాం. కిందటి నెల విషయం ‘ఊరికి దూరంగా ఒంటరి ఇల్లు’. సగం మంది మంచులో కలప ఇల్లు గీశారు. నేను రెండు గీశాను, ఒకటి మంచులో కలప ఇల్లు, ఇంకొకటి మా వైపు చేలల్లో ఉండే పూరికొట్టం. కొత్తగా చేరినవారు ఆ నెలంతా అడిగిన ప్రశ్నల వెనుక కొన్ని నమ్మకాలు కనిపించాయి. వాటికి నా అనుభవంలోంచి జవాబులివి.

అపోహ: ఖరీదైన పరికరం ఉంటేనే బొమ్మ కుదురుతుంది.

వాస్తవం: క్రిటా అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, నా బొమ్మలన్నీ అందులోనివే. మాలో ఒకరు ఫోను మీద వేలితోనే గీస్తారు, ఆ బొమ్మల కోసం అందరం ఎదురుచూస్తాం. ఒత్తిడిని గుర్తించే పెన్ను ఉంటే గడ్డిపోచ చివర సన్నబడేలా గీత లాగడం సులువవుతుంది. అంతవరకే దాని సాయం.

అపోహ: పల్లెటూరి గుడిసే కదా, ఎలా గీసినా చెల్లుతుంది.

వాస్తవం: అందరికంటే నేనే ఎక్కువకాలం నమ్మిన అపోహ ఇది. నా మొదటి కొట్టం బొమ్మలో కప్పు మీద గడ్డిని పైనుంచి కిందికి గీసుకుంటూ వచ్చాను. చూడటానికి బాగానే ఉంది. కడపలో ఉండే అక్క ఒకరు చూసి, “తమ్ముడూ, నీ కొట్టం మొదటి వానకే కురుస్తుంది” అని రాశారు. ఎందుకో అర్థం కాక అడిగాను. గడ్డి కప్పేవాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వరుసా పేర్చుకుంటూ పైకి పోతారట. పై వరుస కింది వరుస మీద పడాలి. అప్పుడే నీళ్లు లోపలికి దిగకుండా చూరు దాకా జారిపోతాయి. నా బొమ్మలో కింది వరుసలు పై వరుసల మీద పడ్డాయి.

ఆ రోజు నుంచి నేనూ కప్పేవాళ్ల వరుసలోనే గీస్తున్నాను. చూరు వరుస ఒక పొరలో (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటివి ఈ పొరలు), దాని మీది వరుస ఇంకో పొరలో, అలా కొప్పు దాకా. డిజిటల్ బొమ్మలో పొరల సౌకర్యం ఇంత చక్కగా అమరే పని ఇంకొకటి నాకు తారసపడలేదు. కొత్తగా కప్పిన గడ్డి పసుపు పచ్చగా ఉంటుంది. రెండు వానాకాలాలు తడిసి ఎండితే బూడిద రంగుకు తిరుగుతుంది. పాత కప్పులో అక్కడక్కడ కొత్త గడ్డి దోపిన చోట్లు పసుపు మచ్చల్లా కనిపిస్తాయి. అలాంటి మచ్చలు రెండు వేస్తే చాలు, ఆ ఇంట్లో ఎవరో ఉన్నారని చూసేవారికి తెలిసిపోతుంది.

మట్టిమిద్దె సంగతి వేరు. దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచే సన్నటి కొయ్యలు (దంతెలు), ఆపైన మట్టి, పైపైన చౌడు మట్టి. కప్పు చదునుగా ఉంటుంది. అనంతపురానికి ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే కాబట్టి ఆ చదును ఇక్కడ చెల్లుతుంది. గడ్డి కప్పుకు మాత్రం వాలు ఉండాల్సిందే, లేకపోతే నీరు నిలిచి గడ్డి కుళ్లిపోతుంది. తాడిపత్రి వైపు వెళితే నాపబండలను నిలువుగా పాతి దొడ్డికి అడ్డంగా నిలబెట్టిన ఇళ్లు కనిపిస్తాయి. ఈ మూడింటినీ కలగాపులగం చేసి ‘పల్లె ఇల్లు’ అని గీస్తే, పల్లెలో పెరిగిన కంటికి వెంటనే దొరికిపోతుంది. కలప ఇంటికీ ఇదే వర్తిస్తుంది. దుంగలను పడుకోబెట్టి, మూలల దగ్గర గాడులు కొట్టి ఒకదానిలో ఒకటి దిగేలా పేరుస్తారు. అందుకే చాలా ఇళ్లలో దుంగల కొసలు మూల దాటి బయటికి పొడుచుకొని ఉంటాయి. నా కలప ఇంటి బొమ్మలో మాత్రం నేను మూలలను పెట్టెకు పలకలు అతికించినట్టు నున్నగా ముగించాను.

అపోహ: ఎండ ఎక్కడైనా ఎండే, నీడ ఎక్కడైనా నీడే.

వాస్తవం: నా మంచు ఇంటి బొమ్మను చూసి, కర్నూలు నుంచి వెళ్లి నార్వేలోని ఓస్లోలో స్థిరపడిన తమ్ముడొకడు ఇలా రాశాడు: “అన్నా, మంచు మా ఊరిదే, నీడ మాత్రం మీ ఊరిది.” తర్వాత లెక్క వేసి చూసుకున్నాను. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం ఓస్లోలో సూర్యుడు దిగంతం నుంచి ఏడు డిగ్రీల ఎత్తు కూడా లేవడు. అంటే చదునైన నేల మీద నీడ ఇంటి ఎత్తుకు ఎనిమిది రెట్లకు పైగా సాగుతుంది. అదే రోజు అనంతపురంలో సూర్యుడు 52 డిగ్రీల ఎత్తున ఉంటాడు, నీడ ఇంటి ఎత్తుకన్నా పొట్టిగానే ఉంటుంది. నేను పుట్టినప్పటి నుంచి చూసిన నీడనే తీసుకెళ్లి మంచు మీద పరిచాను.

మన వైపు ఎండకూ దాని లెక్కలు దానికి ఉన్నాయి. ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు అనంతపురానికి సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు కొట్టం నీడ చూరు కిందే ముడుచుకుంటుంది. ఆ రెండింటి మధ్యకాలంలో మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, నీడ దక్షిణం వైపు పడుతుంది. ఇక నేల రంగు. మా ఎర్రనేల మీద పడిన ఎండ తిరిగి పైకి కొట్టి, చూరు అడుగుభాగాన్ని ఇటుక రంగులో వెలిగిస్తుంది. అక్కడ ముదురు నలుపు పూస్తే కొట్టం కాగితం కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలో గీస్తున్నప్పుడు ఆ వెలుగును బాగా తగ్గించాలి. మంచు మీద నీడకు ఆకాశం నీలాన్ని ఇస్తుంది. కొట్టం గీయాలనుకునేవారు ఒక్కసారి చేనికి వెళ్లి, చూరు కింద నిలబడి పైకి చూడండి. ఆ కాస్త ఎరుపు కళ్లారా చూశాక ఇక మరిచిపోలేరు.

అపోహ: నా తెర మీద కనిపించిన రంగులే మిత్రులకూ కనిపిస్తాయి.

వాస్తవం: ఒకరి ఫోను వెలుతురు తగ్గించి ఉంటుంది, ఇంకొకరిది రాత్రి కోసం పసుపు వైపు తిప్పి ఉంటుంది. రంగును మన చేతిలో ఉంచుకోలేం కానీ, వెలుగునీడల తేడాను ఉంచుకోవచ్చు. నేను బొమ్మ మొత్తాన్ని ఒకసారి నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తాను. గోడ, కప్పు, ఆకాశం అప్పుడు కూడా విడివిడిగా తెలిస్తే ఏ ఫోనులోనైనా బొమ్మ నిలుస్తుంది. ఫైలును ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో దాచడం (సేవ్ చేయడం) మరువకండి, ఎక్కువ తెరలకు అది సరిపోతుంది. సాయంకాలపు ఆకాశం చారలు చారలుగా కనిపిస్తుంటే, ఆ పొర మీద సన్నటి రేణువులు కొద్దిగా చల్లండి, చారలు కరిగిపోతాయి.

అపోహ: బొమ్మను ఎలా పంపినా బొమ్మే.

వాస్తవం: వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే కొలత తగ్గించి, కుదించి పంపుతుంది. అలా కుదించే జేపెగ్ అనే ఫైలు పద్ధతి బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల (పిక్సెళ్ల) గళ్లుగా విడగొట్టి సన్నటి వివరాలను వదిలేస్తుంది. నున్నటి గోడకు దానివల్ల పెద్ద నష్టం లేదు. గంటల తరబడి గీసిన గడ్డిపోచలు మాత్రం, ముఖ్యంగా ఆకాశానికి ఎదురుగా ఉన్నవి, అలుక్కుపోతాయి. అసలును వివరాలు పోనివ్వని పీఎన్‌జీ అనే ఫైలు పద్ధతిలో దాచుకొని, డాక్యుమెంట్‌గా పంపండి. జేపెగ్ ఫైలునే తెరిచి, దిద్ది, మళ్లీ మళ్లీ దాచితే దాచిన ప్రతిసారీ కొంత పోతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఎవరి కొట్టాన్నో ఫొటో తీసి, చూసి గీసి, ఆ ఫొటోను కూడా డాక్యుమెంట్‌గా పంపితే అది తీసిన చోటి వివరాలు దానితోపాటు వెళ్లవచ్చు. అది ఒకరి ఇల్లు. ఫొటో తీసేముందు ఇంటివాళ్లను అడగండి, పంపేముందు ఆ వివరాలు తొలగించండి.

అపోహ: ఇంటర్నెట్‌లో పెట్టిన బొమ్మ అందరిదీ.

వాస్తవం: కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీయగానే దాని మీద హక్కు గీసినవారికి వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు గీసినవారి జీవితకాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ ఉంటుంది. నా కొట్టం బొమ్మ ఒకటి, మూలన ఉన్న సంతకం కత్తిరించి, ఎవరిదో సంక్రాంతి శుభాకాంక్షల్లో కనిపించింది. మనసు చాలా నొచ్చుకుంది. అప్పటి నుంచి సంతకాన్ని మూలన కాకుండా గోడ మీద, ముగ్గు పక్కన పెడుతున్నాను. అయితే ఇదే చట్టం మనకూ వర్తిస్తుంది. ఇంకొకరి ఫొటో మీద గీతకు గీత దిద్ది, నాదే అని పంపడం తప్పు. మొదట్లో నేనూ చేశాను, తెలిశాక ఆ రెండు బొమ్మలూ తీసేశాను.

అపోహ: పూర్తయ్యాకే చూపించాలి.

వాస్తవం: పూర్తయ్యాక చూపిస్తే “బాగుంది” అంటారు, అక్కడితో సరి. సగంలో చూపించి, ‘నిట్రాడు (కొట్టం కప్పును మోసే నిలువు గుంజ) ఈ కప్పును మోసేటట్టు ఉందా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. మొన్న అలాగే అడిగాను. అక్క నా బొమ్మ మీదే ఎర్ర గీతలతో దిద్ది పంపారు. నిట్రాడు ఇంకాస్త లావుగా, వాసాలు ఇంకో రెండు, గుమ్మం మరికొంచెం పొట్టిగా. “వంగి లోపలికి పోవాలి తమ్ముడూ, మా జేజి కొట్టంలో అంతే” అని కింద రాశారు. ఇప్పుడు గుమ్మం తగ్గిస్తున్నాను. చూరు నీడ కూడా దానితోపాటే కిందికి దించాలి.